డెల్టాలో కొండ సైకిలు

బడులు తెరచుటకు వారము పది దినములు ముందు, విజయవాడలోని సైకిళ్ళ దుకాణములలో ఏటేటా ఒక దృశ్యము కానవచ్చును. ఉయ్యూరు చేరువ పల్లెనుండి ఒక ఉపాధ్యాయుడు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చినాడనుకొందము. అమ్మాయి తొమ్మిదవ తరగతిలోనికి వచ్చినది. ఇంటికిని ఉన్నత పాఠశాలకును నడుమ ఆరు కిలోమీటర్లు దూరము. అందు నాలుగు తారురోడ్డు, రెండు కాలువగట్టు. ఇంతవరకు ఆమె తండ్రి మోటారు సైకిలు వెనుక కూర్చుండి పోయివచ్చుచుండెను. ఇకమీదట తానే పోవలెనని ఆమె కోరిక. వేసవి సెలవులలో స్నేహితురాలి చిన్న సైకిలుపై కొంత అలవాటు చేసికొన్నది. ఇంటి వసారాలో తాతగారి నల్లని పాత సైకిలు గోడకు చేరవేసియున్నది గాని, దాని కమ్మీ ఎత్తును, బరువును చూచి ఆమె దాని జోలికి పోలేదు.

దుకాణములో రెండు సైకిళ్ళు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. మొదటిదానికి లావైన టైర్లు, వానిమీద గుబ్బలు, ముందు రెండు షాకబ్జర్లు, ఫ్రేముపై ఎఱ్ఱని నల్లని చారలు. అది మౌంటెన్ బైకు, అనగా కొండ సైకిలు. రెండవది హైబ్రిడ్ సైకిలు. దాని చక్రములు పెద్దవి, టైర్లు కొంత సన్ననివి, ముందు ఫోర్కు తిన్ననిది, రంగు సాదాసీదా.

"నాన్నా, ఇది తీసుకుందాం. మా క్లాసులో అందరూ ఇలాంటివే కొన్నారు" అని అమ్మాయి మొదటిదానిపై చేయి వేసినది.

"పిల్లలంతా దాన్నే అడుగుతారండీ మాస్టారూ. రెండోదానికి ఓ రెండువేలు ఎక్కువవుతుంది గాని, అదీ మంచి బండేనండి" అన్నాడు దుకాణదారు.

"రెండిట్లో ఏది మంచిదో మీరే చెప్పండి."

"ఎక్కడ తొక్కుతారో మీరు చెబితే, ఏది మంచిదో నేను చెబుతానండి."

ఆ దుకాణదారు మాటలో ఈ విషయమంతయు ఇమిడియున్నది. క్రొత్తగా సైకిలు కొనువారు సాధారణముగా దుకాణములో నిలిచిన సైకిలును చూతురు. అది పోవలసిన దారిని చూడరు. బలముగా కనబడునది బలమైనదనియు, ఖరీదైన భాగములు ఎక్కువగా ఉన్నట్లు తోచునది లాభమనియు అనుకొందురు. దారి సంగతి తరువాత తెలియును. అప్పటికి సైకిలు ఇంటికి వచ్చియుండును.

పుట్టిన చోటు

ప్రతి పనిముట్టు తాను పుట్టిన చోటి అవసరమును తనలో దాచుకొనియుండును. కొండ సైకిలు పుట్టుక తెలిసినచో దాని లావు టైర్ల అర్థము తెలియును.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా మారిన్ అను జిల్లా కలదు. అది కొండల ప్రదేశము. 1970వ దశకమున అచటి యువకులు కొందరు, 1930, 40 సంవత్సరముల నాటి లావుటైర్ల పాత సైకిళ్ళను సంపాదించి, వానిపై కొండబాటలవెంట క్రిందికి దిగుట వినోదముగా పెట్టుకొనిరి. 1976 అక్టోబరు 21వ తేదీన ఫేర్‌ఫాక్స్ పట్టణము చేరువ నొక కొండబాటపై వారి మొదటి పందెము జరిగెను. మూడున్నర కిలోమీటర్లకు లోపు దూరములోనే ఆ బాట సుమారు 1300 అడుగులు, అనగా 400 మీటర్లు, దిగును. ఆ పాత సైకిళ్ళకు బ్రేకు వెనుక చక్రపు హబ్బులోనే ఉండెడిది. క్రిందికి చేరునప్పటికి హబ్బు కాగి, లోపలి గ్రీజు పొగయై పోయెడిది. మరల గ్రీజు కూరినగాని ఇంకొకసారి దిగుటకు వీలు కాకుండెడిది. గ్రీజు తిరిగి కూర్చుట అను అర్థము వచ్చునట్లు ఆ బాటకు 'రీప్యాక్' అని పేరు పెట్టిరి.

1977లో జో బ్రీజ్ అను నతడు ఈ పనికే ప్రత్యేకముగా ఫ్రేములు కట్టెను. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అను మిత్రులు, టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో వ్యాపారము ప్రారంభించిరి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్' పేరిట అట్టి సైకిలును పెద్దయెత్తున తయారుచేసి అమ్మెను. 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కొండ సైకిలు పందెము చేరినది. ఇరువది సంవత్సరములలో ఒక కొండ ఊరి ఆట ప్రపంచపు ఆట అయినది. రాళ్ళను పట్టుకొనుటకు గుబ్బల టైరు, ఎగిరిపడినప్పుడు చేతులు అదరకుండుటకు షాకబ్జర్లు, నిట్టనిలువు బాటను ఎక్కుటకు అతి తేలికైన గేర్లు - ఇవి యన్నియు ఆ కొండ కోరిన వస్తువులు.

హైబ్రిడ్ అనగానే డెల్టా రైతునకు విత్తనము జ్ఞప్తికి వచ్చును. ఆ పోలిక ఇచట సరిపోవును. 1980వ దశకము చివర సైకిలు తయారీదారులు కొండ సైకిలు తిన్నని హ్యాండిలును, గేర్లను తీసికొని, రోడ్డు పందెముల సైకిలు పెద్దచక్రములతో కలిపి, రెంటికిని మధ్యస్థమైన ఒక సంకరజాతిని సిద్ధపరచిరి. పందెము దాని ఉద్దేశము కాదు. ఇంటినుండి పనికి, పనినుండి ఇంటికి, సెలవునాడు ఊరి వెలుపలికి పోయివచ్చుటకు అది ఏర్పడినది.

నాలుగు వేల అడుగులకు ఒక అడుగు

ఇప్పుడు ఈ అమ్మాయి దారిని చూడవలెను.

కృష్ణా డెల్టా తలవాకిట ప్రకాశం బ్యారేజి కలదు. 1855లో పూర్తియైన పాత ఆనకట్ట స్థానమున 1957లో అది వచ్చినది. బ్యారేజి వెనుక నిండుగా నిలిచిన నీటిమట్టము సముద్రమట్టమునకు 57.05 అడుగుల ఎత్తు. అనగా 17 మీటర్ల పైచిలుకు. అచటినుండి బందరు సుమారు 70 కిలోమీటర్లు. ఈ లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయదగినదే. డెబ్బది వేల మీటర్లను 17తో భాగించినచో సుమారు నాలుగు వేలు వచ్చును. నాలుగు వేల అడుగులు నడచినచో ఒక్క అడుగు దిగుట! బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఈ కొద్దిపాటి వాలును నమ్ముకొనియే పారుచున్నవి. కాలిఫోర్నియాలోని ఆ బాట ఎనిమిది తొమ్మిది అడుగులకు ఒక అడుగు దిగును. ఆ బాట కొరకు పుట్టిన సైకిలు, ఈ నేలమీద తన బలమును చూపు సందర్భము ఎచట దొరకును?

మరి డెల్టాలో సైకిలు తొక్కువానికి ఎదురు వచ్చునదేమి? ఎత్తు కాదు. గాలి, ఎండ, బురద, ముల్లు.

గాలి సంగతి ముందు చెప్పవలెను. వేసవి సాయంకాలములందు సముద్రమువైపునుండి గాలి వీచును, వానకాలమున పడమటిగాలి. సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా 10 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినచో, తొక్కువాని రొమ్మునకు తగులు గాలి వేగము 25 కిలోమీటర్లు. గాలి నిరోధము వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగును గనుక, అది ఒకటికి సుమారు మూడు రెట్లు అగును. కొండ ఎక్కునప్పుడు శిఖరము కంటికి కనబడుచుండును; ఎక్కిన తరువాత దిగుడు కూడ ఉండును. ఎదురుగాలికి అట్టి అంతము కనబడదు. అట్టి సమయమున చక్రము ఎంత తేలికగా దొరలునో అంతయే రక్షణ.

టైరు, షాకబ్జరు, గేరు

1888లో బెల్ఫాస్టు నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు గాలి నింపిన టైరునకు పేటెంటు పొందెను. తన కుమారుని మూడుచక్రముల బండి రాతిబాటపై కుదుపులకు గురియగుట చూచి ఆయన చేసిన ప్రయత్నమది. గాలి టైరు నేలను తాకినచోట కొంచెము నొక్కుకొని, మరల లేచును. అట్లు నొక్కుకొని లేచునప్పుడు కొంత శక్తి వేడియై పోవును. గుబ్బల టైరులో ఈ నష్టము ఎక్కువ. తారురోడ్డుపై ప్రతి గుబ్బయు వంగి లేవవలెను. లావుటైరు సైకిలు తారురోడ్డుపై పోవునప్పుడు వినబడు రొద ఆ శ్రమ చేయు చప్పుడే. రాతినేలపై అదే గుబ్బ రాతిని పట్టుకొని మనిషిని కాపాడును. కనుక గుబ్బలో దోషము లేదు. అది ఉన్నచోట దానికి పని లేదు.

షాకబ్జర్ల విషయము ఇంకను సూక్ష్మమైనది. మంచి షాకబ్జరు ఖరీదైన వస్తువు. తక్కువ ధర సైకిళ్ళకు వచ్చునది చాలవరకు ఒక స్ప్రింగును, దానిని కప్పిన గొట్టమును మాత్రమే. అది బరువు పెంచును. పైగా, లేచి నిలుచుండి పెడలును బలముగా నొక్కినప్పుడు, ఆ నొక్కులో కొంత ముందుకు పోక స్ప్రింగును క్రుంగదీయును. తక్కువ ధర కొండ సైకిలు బరువు పదునారు, పదునెనిమిది కిలోల వరకు ఉండును. అదే తరగతి హైబ్రిడ్ సైకిలు సామాన్యముగా రెండు మూడు కిలోలు తేలిక. పుస్తకముల సంచితోబాటు ఆ రెండు మూడు కిలోలు ప్రతిదినము పన్నెండు కిలోమీటర్లు మోయవలసినది ఆ అమ్మాయి.

గేర్ల సంఖ్యను చూచి మురియువారు కలరు. ముందు మూడు పళ్ళచక్రములు, వెనుక ఏడు, మూడేడులు ఇరువదియొకటి. కాని వీనిలో అనేకము ఒకదానితో నొకటి సమానముగానే ఉండును. డెల్టాలో ముందు ఒక్క పళ్ళచక్రము, వెనుక ఏడు ఉన్నను చాలును. కాలువ వంతెన ఎక్కునప్పుడు ఒక తేలిక గేరు, ఎదురుగాలికి ఒకటి, వెనుకగాలికి ఒకటి - అంతకుమించి నేర్చుకొనువారికి అక్కరలేదు. సంఖ్య తగ్గినకొలది చెడిపోవునవి తగ్గును. ఊరిలో పంక్చరు వేయువాడు ప్రతిచోటను ఉండును. గేర్లు సరిచేయువాడు ప్రతిచోటను ఉండడు.

కొండ సైకిలుకు తగిన చోటు

ఇంత చెప్పినంతమాత్రమున కొండ సైకిలు పనికిరానిదని అనుకొనరాదు. విజయవాడకు వాయవ్యమున కొండపల్లి కొండలు, ఆ అడవి అంచున మూలపాడు ఉన్నవి. అచటి రాళ్ళబాటలలో ఉదయమున తిరుగవలెనని కోరువారికి ఆ సైకిలే తగినది. గుబ్బల టైరు లేనివాడు అచట పదడుగులు పోకముందే జారును. కంకర తేలిన కరకట్టలపై ప్రతిదినము దూరము పోవలసినవారికిని లావుటైరు మేలు చేయును. మెట్లు దూకించుట, గోతులు దాటించుట నేర్చుకొనవలెనని ఉబలాటపడు బాలురకు హైబ్రిడ్ ఇచ్చుట వారికిని దానికిని మంచిది కాదు.

బురద మాట వచ్చినప్పుడు మాత్రము ఒక భ్రమ తొలగించుకొనవలెను. లావుటైరు బురదలో పోవునని అందరును అందురు. ఇసుకనేలలో అది కొంతవరకు నిజము. డెల్టా నల్లరేగడి తడిసినప్పుడు టైరునకు అంటుకొని, మడ్గార్డుకును టైరుకును నడుమ బిగిసి, చక్రమునే తిరుగనీయదు. గుబ్బల నడుమ ఆ మట్టి ఇంకను ఎక్కువగా పట్టును. ఆ దినము ఏ సైకిలైనను డొంకదారి విడిచి తారురోడ్డు చుట్టుదారిన పోవలసినదే. లేదా బుజముపైకి ఎత్తుకొనవలసినదే. బుజమున మోయునప్పుడు ఏది తేలికో చెప్పనక్కరలేదు.

ముల్లు సంగతియు అట్టిదే. కాలువగట్టుల తుమ్మముల్లు లావుటైరును కూడ చీల్చుకొని పోగలదు. మిక్కిలి సన్నని టైర్లతో కాలువగట్టున పోవుట మాత్రము అవివేకము. హైబ్రిడ్ సైకిళ్ళలోనే 28, 32 మిల్లీమీటర్ల సన్ననివి కలవు, 38 నుండి 42 వరకు వెడల్పైనవియు కలవు. డెల్టాలో కొనువారు టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెను చదువవలెను. 38 లేదా 40 ఉన్నచో తారురోడ్డుకును, కాలువగట్టుకును అది సరిపోవును.

తాతగారి చక్రము

ఇచట ఒక విశేషమున్నది. వసారాలో నిలిచియున్న తాతగారి సైకిలు టైరుపై '28 × 1½' అని వ్రాసియుండును. ఒకటిన్నర అంగుళము అనగా 38 మిల్లీమీటర్లు. ఆ రిమ్ముపై టైరు కూర్చుండుచోటి వ్యాసము 635 మిల్లీమీటర్లు. క్రొత్త హైబ్రిడ్ సైకిలు టైరుపై '700 × 38' అని ఉండును. దాని వ్యాసము 622. తేడా పదమూడు మిల్లీమీటర్లు మాత్రమే! దుకాణములో క్రొత్తగా వచ్చినదని చూపు చక్రమునకును, మూడు తరములుగా ఈ దారులపై తిరిగిన చక్రమునకును ఉన్న భేదము అంతియే.

ఆ నల్లని సైకిలు ఇంగ్లండునుండి వచ్చిన నమూనా. 1885లో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిలును చేసినప్పటినుండి రెండు సమాన చక్రములు, చైను గల రూపము స్థిరపడినది. మన దేశమున మద్రాసు చేరువ అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ కంపెనీ 1949లోను, సోనిపట్‌లో అట్లాస్ కంపెనీ 1951లోను, లూథియానాలో హీరో కంపెనీ 1956లోను ఏర్పడినవి. వారి సైకిళ్ళపైననే డెల్టా పాలబిందెలు, గడ్డిమోపులు, కూరగాయల గంపలు పట్టణమునకు వచ్చినవి. పంతుళ్ళు బడులకు, తపాలా బంట్రోతులు ఊళ్ళకు పోయిరి. కమ్మీ క్రిందుగా కాలు దూర్చి అరతొక్కుడు తొక్కుచు ఎందరో బాలురు దానిపైననే నేర్చుకొనిరి. పెద్దచక్రము, మధ్యరకపు టైరు, షాకబ్జర్లు లేని ఫోర్కు, నిటారుగా కూర్చుండు తీరు - డెల్టాకు కావలసినవేవో ఆ సైకిలు ముందే చెప్పియుండెను. దాని కొరతలు రెండు. ఒకటి బరువు, రెండవది గేరు లేకుండుట. హైబ్రిడ్ సైకిలు ఆ రెండు కొరతలను కొంతవరకు తీర్చినది.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. వ్యాసము దాదాపు సమానమైనను రిమ్ము వేరు గనుక, తాతగారి టైరు హైబ్రిడ్‌కు పట్టదు. 28 అంగుళముల టైరు ఏ పల్లెలోనైనను దొరకును. 700 టైరు దొరకకపోవచ్చును. అందుచేత ఒక ట్యూబు ఎప్పుడును సంచిలో ఉంచుకొనవలెను. కొనునప్పుడు వాల్వును కూడ చూడవలెను. అది మోటారు సైకిలు వాల్వువంటిదైనచో ఏ పెట్రోలు బంకులోనైనను గాలి పట్టించుకొనవచ్చును.

తప్పు కాలిదా, చక్రానిదా?

ఏ సైకిలైన నేమి, తొక్కినచో పోవును గదా యని పెద్దలు అనవచ్చును. నేర్పరికి అది నిజమే. నేర్చుకొనువాని విషయము వేరు.

అలవాటుపడినవాడు సైకిలు బరువుగా పోవుచున్నప్పుడు గాలి తగ్గినదా, బ్రేకు రాచుకొనుచున్నదా అని దిగి చూచును. క్రొత్తవాడు అట్లు చూడడు. తన కాళ్ళలో సత్తువ లేదనుకొనును. మొదటి వారము ఉత్సాహముతో పోవును. రెండవ వారము ఎదురుగాలిలో ప్రక్కనుండి పాత సైకిలువాడు దాటిపోవును. మూడవ వారము కడుపునొప్పి, హోంవర్కు, వాన - ఏదో ఒక కారణము దొరకును. తరువాత సైకిలు మెట్లక్రిందికి చేరును. దాని హ్యాండిలుకు సంచులు తగిలింతురు. "దీనికి సైకిలు అచ్చిరాలేదు" అని ఇంటివారు తీర్పు చెప్పుదురు. తీర్పు పొందవలసినది సైకిలు, పొందినది పిల్ల.

ఆడపిల్లల విషయమున ఈ తీర్పు మరింత దూరము పోవును. 2006లో బీహారు రాష్ట్రమున తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుటకై ప్రభుత్వము ధనము నిచ్చుట ప్రారంభించెను. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఆ పథకమును పరిశీలించి 2017లో ఫలితములు ప్రచురించిరి. ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగినదనియు, బాలబాలికల నడుమ నున్న అంతరము 40 శాతము తగ్గినదనియు వారు కనుగొనిరి. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరముగా నున్న గ్రామములలో ఈ మేలు ఎక్కువగా కనబడినది. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990వ దశకము మొదట అక్షరాస్యతా ఉద్యమముతోబాటు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో 'బడికొస్తా' పేరిట ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు ఇచ్చిరి.

ఆరు కిలోమీటర్ల దూరము బస్సు వేళకో, తండ్రి తీరికకో లోబడియున్నంతకాలము ఆ పిల్ల చదువు కూడ వానికి లోబడియుండును. సాయంకాలము ప్రయోగశాలలో అరగంట నిలువవలెనన్న, గ్రంథాలయమునకు పోవలెనన్న, ఆటలపోటీకి ఆగవలెనన్న ఆమె ఎవరినో అడుగవలెను. సైకిలు ఆమె సమయమును ఆమె చేతికి ఇచ్చును. కనుక ఆమె మూడవ వారమున సైకిలు మానకుండుట చిన్న విషయము కాదు.

దుకాణములో చూడవలసినవి

మొదటిది కొలత. సైకిలుకు అటు నిటు కాళ్ళువేసి నేలపై నిలిచినప్పుడు కమ్మీకిని శరీరమునకును నడుమ ఒకటి రెండు అంగుళముల ఎడముండవలెను. సీటుపై కూర్చుండి, పెడలు అడుగునకు వచ్చినప్పుడు దానిపై మడమ ఉంచినచో కాలు తిన్నగా చాగవలెను. అప్పుడు పాదపు ముందుభాగముతో తొక్కునప్పుడు మోకాలు కొంచెము వంగియుండును. సీటు మరీ క్రిందుగా ఉన్నచో మోకాళ్ళు నొచ్చును. "ఎదిగే పిల్ల గదా" అని రెండేండ్ల తరువాతి కొలతకు కొనుట బట్టల విషయమున చెల్లును గాని సైకిలు విషయమున చెల్లదు.

బొత్తిగా రానివారికి ఒక ఉపాయము కలదు. పెడళ్ళు రెండును విప్పించి, సీటు దించి, పాదములు రెండును నేలకు ఆనునట్లు చేసి, కాళ్ళతో తోసికొనుచు చదునైన మైదానమున రెండు మూడు దినములు పోనిచ్చినచో నిలకడ దానంతట అదే వచ్చును. తరువాత పెడళ్ళు బిగించి, సీటు క్రమముగా పైకి లేపవలెను. వెనుక పట్టుకొని పరుగెత్తువారి అవసరము అంతగా ఉండదు.

రెండవది తొక్కి చూచుట. దుకాణము ముందు పది గజములు కాక, ఎదురుగాలిలో అర కిలోమీటరైనను పోవలెను. సాధ్యమైనచో ఒక వంతెన ఎక్కి దిగవలెను.

మూడవది అదనపు ఖర్చు. మడ్గార్డులు, స్టాండు, క్యారియరు, బెల్లు, తాళము, ముందు తెల్లదీపము, వెనుక ఎఱ్ఱదీపము, తలకు హెల్మెటు - వీనిలో చాలవరకు ధరలో చేరియుండవు. క్యారియరు, మడ్గార్డులు బిగించుటకు ఫ్రేముపై రంధ్రములున్నవో లేవో ముందే చూడవలెను. అనేక కొండ సైకిళ్ళకు పుస్తకముల సంచి పెట్టుకొను క్యారియరు సరిగా అమరదు.

ఇదివరకే కొండ సైకిలు కొన్నవారు విచారింప నక్కరలేదు, అమ్మివేయను వలదు. గుబ్బల టైర్లు తీసి, అదే కొలతలో నున్నని టైర్లు వేయించినచో సగము భారము తగ్గినట్లు తోచును. టైరు ప్రక్కన వ్రాసియున్న పరిమితి దాటకుండ గాలి నిండుగా కొట్టింపవలెను. షాకబ్జరు బిగించు మీట ఉన్నచో దానిని బిగించియుంచవలెను. సీటు సరియైన ఎత్తునకు లేపవలెను. మెట్లక్రిందికి చేరిన సైకిళ్ళలో అనేకము ఈ నాలుగు పనులతో మరల రోడ్డెక్కగలవు.

తిరిగి దుకాణములో

దుకాణదారు ప్రశ్నకు మాస్టారు తమ దారిని వివరించినాడు. నాలుగు కిలోమీటర్ల తారురోడ్డు, రెండు కిలోమీటర్ల కాలువగట్టు, మధ్యలో ఒక కాలువ వంతెన.

"అయితే అమ్మాయిని రెండూ తొక్కి రానివ్వండి. బందరు కాలువ ఒడ్డుదాకా వెళ్ళి రామ్మా, తొందరేం లేదు."

అమ్మాయి మొదట తనకు నచ్చినదానిపై పోయి వచ్చినది. తరువాత రెండవదానిపై పోయి, మునుపటికంటె ముందుగా తిరిగి వచ్చినది. దిగి, కొంతసేపు రెండు టైర్లను మార్చి మార్చి చూచినది.

"నాన్నా, దీని చక్రం తాతగారి సైకిలు చక్రంలాగే ఉందే!"

"ఊఁ... ఏది తీసుకుందామంటావు మరి?"

"అది చూడ్డానికి బాగుంది. వెళ్ళడానికి ఇది బాగుంది. ఇదే తీసుకుందాం."

మాస్టారు టైరు ప్రక్కనున్న అంకెను కళ్ళజోడు సవరించుకొని చదివినాడు. 38 అని ఉన్నది. మడ్గార్డులును, క్యారియరును, బెల్లును బిగింపుమని చెప్పి, ఒక ట్యూబు అదనముగా కట్టించి, డబ్బు లెక్కపెట్టుటకు బల్లమీద కూర్చుండినాడు.